గొడుగుల కింద సిమ్ము కొంటున్నారా? రెండోసారి వేలు పెట్టే ముందు ఇది చదవండి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, బరంపురం వైపున్న మన తెలుగువాళ్లందరికీ చెబుతున్నాను. సంతల్లో, బస్టాండుల దగ్గర గొడుగు వేసుకుని "సిమ్ము ఫ్రీ" అని పిలిచేవాళ్ల దగ్గర సిమ్ము తీసుకునేటప్పుడు వేలిముద్ర ఒక్కసారే వెయ్యండి. మళ్లీ పెట్టమంటే, ఎందుకో మీకు అర్థమయ్యేదాకా పెట్టకండి. మా పిన్ని ఒక్క సిమ్ము తీసుకుంది. ఆమె ఆధార్ మీద మూడు నంబర్లు తేలాయి. మిగతా రెండూ ఎవరి చేతికి వెళ్లాయో, వాటితో ఎవరికి ఫోన్లు వెళ్లాయో మాకు ఈ రోజుకీ తెలీదు.

ఆమెకు కొత్త సిమ్ము అవసరం సుభద్ర డబ్బు వల్ల వచ్చింది. 2024 సెప్టెంబరులో ఒడిశాలో మొదలైన పథకం అది. అర్హత ఉన్న 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతల్లో నేరుగా ఖాతాలో పడతాయి. ఖాతాకు ఆధార్ కలిసి ఉండాలి, ఓటీపీ రావడానికి చేతిలో ఒక నంబరు ఉండాలి. ఇన్నాళ్లూ పిన్ని మా తమ్ముడి నంబరే రాయించేది. వాడు పనికి సూరత్ వెళ్లాక ఇక్కడి నంబరుకి రీచార్జి చేసేవాళ్లు లేక అది ఆగిపోయింది. దాంతో చెల్లిని వెంటబెట్టుకుని సంతకి వెళ్లినప్పుడు అక్కడే గొడుగు కింద సిమ్ము తీసుకుంది.

చెల్లి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ కుర్రాడు ఆధార్ నంబరు కొట్టి, ఫోటో తీసి, వేలి మిషను ముందుకి తోశాడు. పిన్ని వేలు పెట్టింది. "మావుసీ, పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టండి" అన్నాడు. పెట్టింది. ఆ తర్వాత "ఫోటోలో కళ్లు మూసేశారు, ఇంకోసారి" అన్నాడు. మళ్లీ ఫోటో, మళ్లీ వేలు. పిన్ని జీడిపిక్కలు కొట్టే మనిషి. జీడి సొన తగిలి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, రేషను దుకాణంలో కూడా ఆమె వేలు ఓ పట్టాన పడదు. అందుకే ఆ కుర్రాడి మాట ఆమెకు నిజమే అనిపించింది. అలాంటి చేతులున్న వాళ్లనే చూసి ఈ మాట అంటారని నా గట్టి నమ్మకం. పొలం పని, ఇటుకల పని, పిక్కల పని చేసే ఆడవాళ్లూ ముసలివాళ్లూ "పడలేదు" అంటే ఎదురు అడగరు. పైగా ఆ యాప్ అంతా ఇంగ్లీషులో, వచ్చే మెసేజీలు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటాయి. మన పెద్దవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలే తెలుసు. స్క్రీన్ మీద ఏముందో వాళ్లకి చదివి చెప్పేవాళ్లు పక్కన ఎవరుంటారు?

నంబరు పని చేయడం మొదలయ్యాక నేను సంచార్ సాథీలో చూశాను. ఇది కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు, 2023 మే నుంచి ఉంది, ఇప్పుడు యాప్ కూడా ఉంది. మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసే చోట మీ నంబరు కొట్టాలి, దానికి వచ్చిన ఓటీపీ మీరే కొట్టాలి. అంతే, జాబితా వచ్చేస్తుంది. నంబర్లు పూర్తిగా కనపడవు, మధ్య అంకెలు చుక్కలుగా ఉంటాయి. ప్రతి నంబరు కింద మూడు మాటలుంటాయి: 'నాట్ మై నంబర్', 'నాట్ రిక్వైర్డ్', 'రిక్వైర్డ్'. మీకు సంబంధం లేని నంబరైతే మొదటిదే నొక్కండి. 'నాట్ రిక్వైర్డ్', అంటే 'అవసరం లేదు' అన్నది మీదే అయిన పాత నంబరు తీసేయడానికి. తెలియని నంబరుకి అది నొక్కితే ఆ నంబరు మీదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. నొక్కాక వచ్చే రిఫరెన్స్ నంబరు కాగితం మీద రాసుకోండి. పిన్ని పేరు మీదున్న రెండింటిలో ఒకటి తీసేశారు, రెండోది ఇంకా పరిశీలనలో ఉన్నట్టే చూపిస్తోంది.

కంపెనీ దుకాణానికి వెళ్తే "ఆ కుర్రాడు మా వాడు కాదండీ" అన్నారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ పని ఏ రంగు గొడుగు కిందైనా జరగొచ్చు. కానీ ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. 2023 డిసెంబరు 1 నుంచి సిమ్ములు అమ్మే ప్రతి మనిషినీ, ప్రతి దుకాణాన్నీ కంపెనీయే రిజిస్టరు చేసుకోవాలని నిబంధన. సిమ్ము ఎవరి లాగిన్ నుంచి పుట్టిందో ఆ వివరం కంపెనీ దగ్గరే ఉంటుంది. "మా వాడు కాదు" అంటే వినేసి వెనక్కి రాకండి. "ఈ నంబరు ఏ ఏజెంటు ఐడీ మీద యాక్టివేట్ అయిందో రాతపూర్వకంగా ఇవ్వండి" అని అడగండి. అలా అడిగిన తర్వాతే మా ఫిర్యాదు తీసుకున్నారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, సిమ్ము ఎవరి పేరు మీద ఉంటే పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది వాళ్ల ఇంటికే. ఆ నంబరుతో వేరే రాష్ట్రంలో ఒకరి ఖాతా ఖాళీ చేస్తే, జీడిపిక్కలు కొట్టే మనిషి తన పేరు ఎలా వచ్చిందో నిరూపించుకుంటూ ఠాణాల చుట్టూ తిరగాలి. 2023 టెలికాం చట్టం ప్రకారం మోసంతోనో, వేరొకరిలా నటించో సిమ్ము తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ కుర్రాడు చేసింది సరిగ్గా అదే. అదే చట్టంలో మనకీ ఒక బాధ్యత ఉంది: సిమ్ము తీసుకునేటప్పుడు తప్పుడు వివరాలు ఇవ్వకూడదు, వేరొకరి పేరు వాడకూడదు. ఒక మనిషి పేరు మీద మన దగ్గర 9 సిమ్ముల దాకా ఉండొచ్చు. తొమ్మిది ఉండొచ్చు కదా అని ఊరికే తీసుకుని ఇతరులకి ఇచ్చేయమని కాదు.

ఇది ముఖ్యంగా మన కుర్రాళ్లకి చెప్పాలి. "నీ పేరు మీద సిమ్ము తీసి ఇవ్వు, ఐదు వందలిస్తా" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఖాతా తెరిచి ఏటీఎం కార్డుతో సహా ఇమ్మని అడిగేవాళ్లూ ఉన్నారు. తమ్ముళ్లూ, ఆ ఐదు వందలు తీసుకోకండి. పనికి హైదరాబాదో చెన్నయో వెళ్లి, అక్కడ రూముమేటు అడిగాడని సిమ్ము ఇచ్చిరాకండి. మీరు ఇచ్చిన సిమ్ముతో ఎవరేం చేశారో మీకు తెలీకపోయినా, కాగితంలో ఉండేది మీ ఫోటో, మీ వేలిముద్ర.

ఊరు మారి పాత నంబరు వదిలేసే వాళ్లకి ఇంకో మాట. ఆగిపోయిన నంబరుని కనీసం 90 రోజుల తర్వాత కంపెనీ వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. మీ బ్యాంకు ఖాతాలో, ఆధార్‌లో ఆ పాత నంబరే ఉంటే మీ మెసేజీలు ఆ కొత్త మనిషికి వెళ్తాయి. తమ్ముడి నంబరు విషయంలో మేం పరుగెత్తి మార్పించింది అందుకే. సూరత్ బండి ఎక్కే ముందే బ్యాంకుకి వెళ్లి నంబరు మార్పించుకోండి.

వేలిముద్రకి తాళం వేసుకోవచ్చు. ఆధార్ వాళ్ల యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. అది వేస్తే మీ వేలు ఎక్కడ పెట్టినా పని చేయదు. దానికి ఆధార్‌లో మీ నంబరు నమోదై ఉండాలి. కానీ రేషను బియ్యానికి వేలు పెట్టే రోజున ముందు తాళం తీయాలి, లేకపోతే డీలరు దగ్గర వేలు పడదు. ఇంట్లో ఫోను తెలిసిన పిల్లలుంటేనే ముసలివాళ్లకి ఇది వెయ్యండి. ఎవరూ లేకపోతే లాక్ జోలికి పోకుండా, ఆధార్ సైటులో గత ఆరు నెలల్లో వేలిముద్ర ఎక్కడెక్కడ వాడారో చూసి చెప్పమని తెలిసిన వాళ్లనెవరినైనా అడగండి. పిన్నిది చూస్తే సంత రోజున కొద్ది నిమిషాల తేడాలో వరసగా నమోదులు ఉన్నాయి. ఒక్కటి కూడా 'ఫెయిల్' కాలేదు. "వేలు పడలేదు" అన్నది అబద్ధమని మాకు అక్కడే తేలిపోయింది. ఆ పేజీ ప్రింటు తీసి ఫిర్యాదుకి జతచేశాం.

ఇక, "మీ పేరు మీద సిమ్ములున్నాయి, రెండు గంటల్లో మీ నంబరు కట్ చేస్తాం, తొమ్మిది నొక్కండి" అని ఫోను వస్తే అది దొంగ ఫోనే. టెలికాం శాఖ గానీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గానీ అలా ఫోను చేయవు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో అరెస్టు చేశామని బెదిరించినా నమ్మకండి, అలా అరెస్టు చేసే పద్ధతి మన దేశ చట్టంలో లేదు. డబ్బు పోకముందే అనుమానం వస్తే సంచార్ సాథీలోనే ఉన్న చక్షులో రాయండి. డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చెయ్యండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది, పట్టుకోవడం కష్టం.

అయితే సిమ్ము కొనొద్దని నేననడం లేదు. దుకాణం ఉన్న చోట, మరుసటి రోజు కూడా అక్కడే కనపడే మనిషి దగ్గర కొనండి. వేలు పెట్టే ముందు ఏ నంబరు ఇస్తున్నాడో స్క్రీన్ మీద చూపించి చదవమనండి. మళ్లీ వేలు కావాలంటే మొదటి దరఖాస్తు రద్దయినట్టు చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. వారం తర్వాత సంచార్ సాథీలో ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి చూసుకోండి.

ఠాణాలో ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే ఏం రాయాలో కూడా చెబుతాను. మాది మా వీధి మాస్టారు ఒడియాలో రాసిచ్చారు. అందులో ఉండాల్సినవి: సిమ్ము కొన్న చోటు, తేదీ, సుమారు టైము, మీకు ఇచ్చిన నంబరు, సంచార్ సాథీలో కనపడిన తెలియని నంబర్ల మొదటి, చివరి అంకెలు, రిఫరెన్స్ నంబరు. ఆధార్ జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా "ఈ ఫిర్యాదు కోసం మాత్రమే" అని రాసి తేదీ వెయ్యండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఠాణా ముద్ర, సంతకం వేయించుకుని ఇంట్లో దాచుకోండి. కాగితం ఒడియాలో రాయడం రాని వాళ్లు నాకు మెసేజీ పెట్టండి, మాస్టారు రాసిన నమూనా పంపుతాను.