కుక్క బూట్లు: పత్తర్‌గట్టి నుంచి చార్మినార్ దాకా

అయిదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. ఒకటి సైజు దగ్గర పోయింది, ఇంకొకటి చార్మినార్ ముందున్న రాళ్ల మీద పోయింది.

ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగు కలిపి ఎనిమిది వందల చిల్లర. కింద రబ్బరు, పైన జాలీ గుడ్డ, బిగించడానికి వెల్‌క్రో పట్టీ. వేసుకునేది మా చిన్ని. పేరుకే చిన్ని, మనిషి మాత్రం ముప్ఫై రెండు కిలోల లాబ్రడార్. (అవును, మా ఇంట్లో అదీ మనిషే.) ఏప్రిల్ వచ్చిందంటే దాన్ని బయటికి తీసుకెళ్లాలంటేనే నాకు టెన్షన్. గాలిలో వేడి 25 డిగ్రీలే ఉన్నా, నేరుగా ఎండ పడే తారురోడ్డు 50 దాకా కాగుతుంది. మన ఊళ్లో మే నెలలో గాలే 40 దాటుతుంది. మనకు చెప్పులుంటాయి కాబట్టి పట్టదు.

ముందు సైజు సంగతి. చాలా కుక్కలకు ముందు పాదాలు వెనక వాటికన్నా పెద్దగా ఉంటాయి. ఈ సెట్‌లో మాత్రం నాలుగూ ఒకటే సైజు. ముందువి చక్కగా పట్టాయి, వెనకవి ఎంత బిగించినా తిరిగిపోయేవి. కొనేవాళ్లు కుక్కను కాగితం మీద నిలబెట్టి, బరువు పాదం మీద పడ్డాకే వెడల్పు గీసుకోండి. పడుకుని ఉన్నప్పుడు కొలిస్తే తక్కువొస్తుంది. మొదట్లో చిన్ని ఒక్కో కాలూ ఎత్తెత్తి బురదలో కొంగలా నడిచింది. ఇంట్లో అలవాటు చేశాకే రోడ్డెక్కించాను.

తారు మీద బూట్లకు వంక పెట్టలేను. మొజంజాహీ మార్కెట్ చుట్టూ ఉన్న రోడ్డు దాటేటప్పుడు చిన్ని అడుగు తడబడలేదు. 1935 నాటి ఆ రాతి మార్కెట్ వరండా నీడలోకి చేరాక మాత్రం బూట్లు విప్పేశాను. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల్లోనే. అసలు చల్లబడేది నాలుక చాపి రొప్పడం వల్లే అనుకోండి, అయినా పాదాలను గంటలకొద్దీ రబ్బరులో మూసి ఉంచకూడదు.

పత్తర్‌గట్టికి వచ్చేసరికి బూట్లు నా సంచిలోనే ఉండిపోయాయి. 1908 మూసీ వరద తర్వాత, నిజాం కాలంలో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన వీధి అది. దుకాణాల ముందు పొడవునా రాతి కమాన్లు, వాటి వెనక ఎత్తైన నడవా. అక్కడ ఎండ నేరుగా నేలకు తగలదు కాబట్టి బండలు కాగవు. నాకు అరచెయ్యి ఆనించి చూసే అలవాటుంది. ఏడు సెకన్లు పెట్టి ఉంచలేకపోతే కుక్కను నడిపించను. నడవాలో హాయిగా ఉంచగలిగాను, కమాను దాటి రోడ్డు మీద పెట్టగానే తీసేశాను. మధ్యలో రెండడుగుల దూరం! సామాను బయటికి పరిచిన చోట్ల మాత్రం ఎండలోకి దిగక తప్పదు. పాపం, అప్పుడే బూట్లు కావాలి. దిగిన ప్రతిసారీ తొడిగి విప్పే ఓపిక ఎవరికుంది?

చెయ్యి ఆనించే పని కూడా లేదు, వీధికుక్కలు ఎక్కడ పడుకున్నాయో చూస్తే చాలు. కమాన్ల మొదట్లో, ఆగి ఉన్న బండ్ల కింద, చెరుకురసం బండి దగ్గర తడినేల మీద ఉంటాయి. ఎండలో ఒక్కటీ కనపడదు. అవి లేచి చిన్ని మీద మొరిగితే మాత్రం పక్కకు తప్పుకోవాల్సిందే, వాళ్ల వీధి అది.

ఇక చార్మినార్ ముందు. బండ్లు రాకుండా చేసి గ్రానైటు రాళ్లు పరిచారు. పిల్లల చెయ్యి వదిలేసి నడవొచ్చు, హారన్ల గోల లేదు. మనుషులకు అదెంత సుఖమో నడిచినవాళ్లకు తెలుసు. కానీ మధ్యాహ్నం అక్కడ నీడంటే చార్మినార్‌దే, దాని కిందే జనమంతా. రాళ్ల సందుల్లో పలచటి రబ్బరు అంచు ఇరుక్కుని వెనక కాలి బూటు ఊడొచ్చింది. సాయంత్రం వెళ్దామన్నా, పొద్దుగూకాక కూడా ఆ రాళ్లు చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటాయి.

పక్కనే జామకాయలమ్మే అవ్వ అంతా చూసి, "గీ బూట్లెందుకు బిడ్డా, పొద్దుగాల్ల తీస్కరారాదు?" అంది.

"పొద్దున ఆఫీసుంటదవ్వా," అన్నాను.

"మరి గట్లయితే ఇంట్లనే ఉంచు," అని చిన్నికి జామ ముక్క పెట్టింది. గింజలు తీసి మరీ.

తెల్లవారుజామున తిప్పే వీలున్నవాళ్లకు ఇవి అక్కర్లేదు. అపార్ట్‌మెంటు గేటు నుంచి చెట్టునీడ దాకా ఎండ రోడ్డు దాటాల్సినవాళ్లు, పశువుల డాక్టరు దగ్గరికి మధ్యాహ్నం వెళ్లక తప్పనివాళ్లు కొనుక్కోండి. ముందు వెనక రెండు సైజులిచ్చేవి దొరికితే అవే తీసుకోండి. ఇవి ఒకటి పోతే ఒక్కటే అమ్మరు, మళ్లీ నాలుగూ కొనాల్సిందే.