నికెల్ ప్లగ్గులా, ఇరీడియం ప్లగ్గులా: ఏది మేలు?

పండుగ సెలవులకు కర్నూలుకో విజయవాడకో కారులో బయలుదేరే ముందు సర్వీసింగ్ చేయించుకునే బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఇంజనులో నిప్పురవ్వతో ఇంధనాన్ని మండించే స్పార్క్ ప్లగ్గు నికెల్‌ది కొనాలా, ఇరీడియంది కొనాలా? జె.సి. రోడ్డు దుకాణాల్లో ఈ రెండు రకాల ధరల మధ్య తేడా రెట్లలో ఉంటుంది కనుక సందేహం సహజమే.

ఇరీడియం వేస్తే మైలేజీ బాగా పెరుగుతుందన్న మాటను నేను నమ్మను. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో కొత్త నికెల్ ప్లగ్గు కూడా సక్రమంగానే మండిస్తుంది. అసలు తేడా అరుగుదలలో ఉంది. నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, ఇరీడియం 2446 డిగ్రీల దాకా కరగదు. అందువల్ల ఇరీడియం ప్లగ్గు మధ్య ఎలక్ట్రోడ్‌ను (స్పార్క్ దూకే రెండు లోహపు కొసల్లో మధ్యదాన్ని) 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నని మొనగా చేసినా అది చాలాకాలం నిలుస్తుంది, పైగా సన్నని మొన నుంచి తక్కువ వోల్టేజీకే స్పార్క్ పుడుతుంది.

నా దృష్టిలో నిర్ణయించవలసింది ప్లగ్గు ధరను చూసి కాదు, ప్లగ్గుకు అధిక వోల్టేజీ అందించే ఇగ్నిషన్ కాయిల్ మీద పడే భారాన్ని చూసి. నికెల్ అరిగేకొద్దీ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ పెరుగుతుంది, ఆ గ్యాప్‌ను దాటించడానికి కాయిల్ అంతకంతకూ ఎక్కువ వోల్టేజీ పుట్టించవలసి వస్తుంది, చివరికి దాని ఇన్సులేషన్ దెబ్బతిని మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) మొదలవుతుంది. ప్రతి సిలిండరుకూ విడి కాయిల్ ఉండే నేటి కార్లలో ఒక్క కాయిల్ మార్చినా ప్లగ్గుల సెట్టు ఖర్చును మించిపోవచ్చు. బెంగళూరులో ఈ అరుగుదలను కిలోమీటర్లలో కొలిస్తే లెక్క తప్పుతుంది. సిల్క్ బోర్డు కూడలి రద్దీలో నిమిషానికి 800 చుట్లతో ఐడ్లింగ్‌లో నిలిచిన ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో ప్లగ్గు రెండు చుట్లకోసారి చొప్పున గంటకు 24,000 సార్లు స్పార్క్ ఇస్తుంది, ఓడోమీటరు మాత్రం కదలదు. అందుకే ఇక్కడ రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు నేను ఇరీడియం వైపే మొగ్గుతాను.

అయితే ఒక మినహాయింపు ఉంది. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉన్న పాత ఇంజన్లలో ఒక ప్లగ్గులో స్పార్క్ మధ్య ఎలక్ట్రోడ్ నుంచి బయటికి, రెండో దానిలో తిరుగుదిశలో దూకుతుంది కనుక ఎదురుగా ఉండే గ్రౌండ్ ఎలక్ట్రోడ్ కూడా అరుగుతుంది. అలాంటి చోట మధ్యన మాత్రమే ఇరీడియం ఉన్న ప్లగ్గు కొంటే పెట్టిన డబ్బుకు పూర్తి ఫలం దక్కదు, రెండు ఎలక్ట్రోడ్లకూ విలువైన లోహపు మొన ఉన్న రకమే తీసుకోవాలి.

ప్లాటినం ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది, కారు కంపెనీ అదే సూచిస్తే అదే వేయించవచ్చు. సీఎన్‌జీకి ఎక్కువ వోల్టేజీ కావాలి కనుక ఇరీడియమే మేలు. మాన్యువల్‌లో నికెల్ అని ఉన్న పాత కారును తక్కువగా నడిపేవారు గడువుకు మార్చుకుంటూ నికెల్‌తోనే కొనసాగవచ్చు. ఇరీడియంతో వచ్చిన ఇంజనుకు మాత్రం నికెల్ వేయించకూడదు.

ఏది కొన్నా హీట్ రేంజ్ (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో తెలిపే అంకె) మాన్యువల్ చెప్పినదే ఉండాలి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్ కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడిది, కాబట్టి ప్లగ్గు కంపెనీ మార్చేటప్పుడు అంకెలను నేరుగా పోల్చకూడదు. అవసరానికి మించి చల్లని ప్లగ్గు వేస్తే, నగర రద్దీలో దాని మొన మసిని తనంతట తాను కాల్చుకునే సుమారు 450 డిగ్రీలకు చేరక మసిబారుతుంది.