బంబుల్‌బీ బాల్ పైథాన్ పిల్లని కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

డాలస్ చుట్టుపక్కల పాముల్నీ బల్లుల్నీ అమ్మే రెప్టైల్ ఎక్స్‌పోలకి వెళ్ళే మనవాళ్ళ కోసం రాస్తున్నాను. అక్కడ మాకు పాము అమ్మినాయన పేరు రాయను. లోపలికి వెళ్ళగానే ఎడమ చేతి వైపు, నల్లగుడ్డ పరిచిన పొడవాటి బల్ల, వెనక పెద్ద బ్యానర్, చిన్నపిల్లల మెడలో పాము వేసి నవ్వుతూ ఫోటోలు తీయించే మనిషి. వెళ్ళినవాళ్ళకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

మా అమ్మాయి ఎప్పటినుంచో వెంటపడితే ఆయన దగ్గర బాల్ పైథాన్ (విషం లేని, ఇంట్లో పెంచుకునే పాము) పిల్లని కొన్నాం. బంబుల్‌బీ. అది రంగుని బట్టి పెట్టిన రకం పేరు, పసుపు ఒంటి మీద సన్నటి నల్లగీతలు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. 150 డాలర్లు, క్యాష్. "మా దగ్గరే గుడ్డులోంచి వచ్చిన పిల్ల, ఫ్రోజన్ ఎలుక తింటోంది" అన్నాడు. ట్యాంక్, థర్మోస్టాట్, రెండు హైడ్‌లు (దాక్కునే గూళ్ళు) అన్నీ ముందే సిద్ధం చేశాం. వెచ్చటి వైపు 32 డిగ్రీలు, చల్లటి వైపు 26, తేమ 60 శాతం. ఈ లెక్కలు ముందే ఎందుకు చెప్తున్నానంటే ఎవరైనా మొదట అనే మాట "మీరే సరిగ్గా పెట్టలేదేమో" అని. పెట్టాం.

ఇండియా నుంచి వీడియో కాల్‌లో మా అమ్మ దానికి ముందు దండం పెట్టి, తర్వాత నన్ను తిట్టింది. పాలు పోయరేమిటని ఇప్పటికీ అడుగుతోంది. అది వేరే కథ.

సరే, అసలు సంగతి. అమ్మేటప్పుడు ఆయన ఇచ్చిన సలహా ఇది: "కొత్త చోటు కదా, వారం రోజులు ముట్టుకోకండి, మాటిమాటికీ తొంగి చూడకండి. దాక్కుంటుంది, బుస కొడుతుంది, తిండి మానేస్తుంది. బేబీలు అంతే." ఇందులో ఒక్క అబద్ధం లేదు. నా కడుపుమంట అంతా అక్కడే. బాల్ పైథాన్ పిల్ల కొత్త ఇంట్లో నిజంగానే అలా ఉంటుంది. తలని మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, రోజంతా హైడ్‌లోంచి బయటికి రాదు, చెయ్యి దగ్గరికి వెళ్తే మెడని ఎస్ ఆకారంలో వెనక్కి లాగి ఉత్తుత్తినే మీదికి దూకుతుంది. భయపడితే కంపు కొట్టే ద్రవం వదులుతుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారతాయి, అప్పుడు ఎలుక ముఖం కూడా చూడదు. ఇవన్నీ మామూలే. ఆయన చేసిందేమిటంటే, ఈ మామూలు జాబితా వెనకాల మామూలు కానిదాన్ని దాచాడు. పైగా ఆయన హెల్త్ గ్యారంటీ 3 రోజులు, ముట్టుకోవద్దన్నది వారం. లెక్క మీరే వేసుకోండి. నేను వేసుకోలేదు లెండి, సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చూసుకుని బతికేవాడిని!

వారం అయ్యాక మొదటిసారి ఎలుక పెట్టాం. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, తుడిచి, పటకారుతో దగ్గర పెడితే పిల్ల బయటికొచ్చింది. నాలుక ఆడిస్తోంది, ఆకలిగానే ఉంది. తల మెల్లగా పక్కకి వాలడం మొదలైంది. అలా వాలుతూ వాలుతూ పూర్తిగా తిరగబడి గడ్డం పైకి వచ్చేసింది. మిగతా ఒళ్ళంతా మామూలుగా నేల మీదే ఉంది, మెడ పైభాగం మాత్రం స్క్రూలాగా మెలితిరిగి ఉంది. ఆ స్థితిలోనే ఎలుక మీదికి దూకింది. ఎలుక ఒకచోట, ఇది ఒకచోట. మూతి వెళ్ళి గాజుకి టక్కున తగిలింది. మళ్ళీ దూకింది, మళ్ళీ గాజే. మా అమ్మాయి "నాన్నా, ఆపెయ్ నాన్నా, దానికి కనబడట్లేదు" అని ఏడుపు. పటకారు పక్కన పడేసి లైటు ఆపేశాను.

వీడియో తీసి ఆయనకి పంపాను. చాలా మర్యాదగా రాశాను, ఏదైనా జబ్బేమో చూడండని. జవాబు వెంటనే వచ్చింది: "అది దాని డాన్స్! దానికి డబ్బులేం తీసుకోలేదుగా, ఎంజాయ్ చేయండి." పక్కన కన్నుకొట్టే బొమ్మ.

పాప ఏడుస్తోంది, పాము తిండి తినలేకపోతోంది అని మళ్ళీ రాస్తే స్వరం మారింది. "నేను బంబుల్‌బీ అని చెప్పే అమ్మాను. బంబుల్‌బీ అంటే పాస్టెల్, స్పైడర్ అనే రెండు రకాలు కలిపింది. స్పైడర్‌కి వాబుల్ (తల వణకడం, మెలితిరగడం) ఉంటుందని ఈ హాబీలో అందరికీ తెలుసు. తెలుసుకోకుండా కొంటే నా తప్పా?" అన్నాడు. ఆ తర్వాత బ్లాక్.

అయ్యా, అందరికీ తెలిసిందైతే మీ కార్డు మీద ఎందుకు రాయలేదు? మా అమ్మాయి ఆ రోజు డబ్బాని ఫోటో తీసింది. కార్డు మీద స్పష్టంగా ఉంది: బంబుల్‌బీ, ఆడ, ధర. స్పైడర్ అన్న మాట ఎక్కడా లేదు. ఇంకోటి ఇప్పుడు గుర్తొస్తోంది. చేతిలో పెట్టమని మా అమ్మాయి అడిగితే "దీనికి నిన్ననే తిండి పెట్టాను, రెండు రోజులు కదపకూడదు" అని వేరే పెద్ద పాముని ఇచ్చాడు. నేను చూపించమంటే డబ్బాలోంచి తీశాడు గానీ తల మీద బొటనవేలు తీయలేదు. అటూ ఇటూ తిప్పి వెంటనే మూత పెట్టేశాడు. తిన్న పాముని కదపకూడదన్నది కూడా నిజమైన నియమమే. ఈయన నోట్లోంచి వచ్చే ప్రతి నిజం వెనకా ఒక పని ఉంటుంది!

ఎక్సోటిక్ వెట్, అంటే పాముల్లాంటివాటిని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. బిల్లు పాము ధరకన్నా ఎక్కువ. ఆవిడ మొదట పాముని వెల్లకిలా పెట్టి చూశారు. ఆరోగ్యంగా ఉన్న పాము వెంటనే బోర్లా తిరుగుతుంది, మాది తంటాలు పడి తిరిగింది. వేడి ఎక్కువైనా, పేలు పోవడానికి కొట్టే మందు పడకపోయినా, వైరస్‌లు ఉన్నా కూడా తల ఇలాగే తిరగొచ్చట. అందుకే అవన్నీ అడిగి, నోట్లోంచి స్వాబ్ తీశారు. టెస్టులన్నీ బాగానే వచ్చాయి. జన్యువులోనే ఉన్న లోపం, మందు లేదు, అన్నారు.

తర్వాత చదివితే తెలిసింది, స్పైడర్ రకాన్ని అమెరికాలో 1999లో మొదటిసారి పెంపకంలో పిల్లలు చేయించారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా చాలు, పిల్లకి రావచ్చు. ఎక్కువో తక్కువో ఆ రకంలో ఈ వణుకు ఉంటుంది. 2022లో స్కాన్లు తీసి చూస్తే లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసుకునే భాగాలే వికారంగా తయారై ఉన్నాయని తేలింది. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటాలజికల్ సొసైటీ తమ షోలలో స్పైడర్ అమ్మకాన్నే ఆపేసింది. ఇక్కడేమో తేనెటీగ పేరు తగిలించి పిల్లలకి అమ్ముతున్నారు.

మా పాము పిల్ల ప్రస్తుతానికి బతికే ఉంది. వెట్ చెప్పినట్టు ఎక్కడానికి పెట్టిన కొమ్మ తీసేశాం, ట్యాంక్ మూడు వైపులా నల్లకాగితం అంటించాం. ఎలుకని ఆడించకుండా హైడ్ ముందు పెట్టి గదిలోంచి వచ్చేస్తే రాత్రికి తనే వెతుక్కుని తింటోంది. టెన్షన్ పడితే వణుకు పెరుగుతుంది కాబట్టి చేత్తో పట్టుకోవడం దాదాపు మానేశాం. పాముతో ఆడుకుందామనుకున్న మా అమ్మాయికి గాజు బయట కూర్చుని చూడటమే మిగిలింది.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ముద్దుపేరు కాదు, అందులో ఏయే జీన్లు ఉన్నాయో రాసి ఇమ్మనండి. కిల్లర్‌బీ, హనీబీ లాంటి పేర్లలోనూ స్పైడరే ఉంటుంది. వోమా, షాంపేన్ రకాలకీ ఇదే బాధ. పిల్లని చుట్ట విప్పి చేతి మీద పాకనివ్వమనండి, అది ఎలుక తినే వీడియో అడగండి. ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదివి ముచ్చటపడొద్దు, మన దేశపు పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. విదేశీ పాములకీ రిజిస్ట్రేషన్ ఉంది.

వచ్చే ఎక్స్‌పోలో ఆయన బల్ల మళ్ళీ అక్కడే ఉంటుంది. మీలో ఎవరైనా వెళ్తే ఆ పసుపు పిల్లల డబ్బాలన్నీ ఫోటోలు తీసి పెట్టండి, కార్డుల మీద స్పైడర్ అని రాశాడో లేదో చూద్దాం. నా 150 డాలర్లు ఆయన దగ్గరే ఉంచుకోమనండి, పెన్ను కొనుక్కోవడానికి పనికొస్తాయి.