మిడి: పాత అయిదు పిన్నుల కేబులా, యూఎస్‌బీనా?

మిడి అంటే వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. సంగీత కీబోర్డు వెనక దీనికోసం ఈ రెండు సాకెట్లూ కనిపిస్తే ఏది వాడాలన్న సందేహం సహజమే. రెండింటిలోనూ వెళ్ళేది శబ్దం కాదు, సూచనలు: ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు వదిలారు.

ఖర్చు: కంప్యూటర్‌కి కలపాలంటే యూఎస్‌బీకి ఒక్క కేబుల్ చాలు. అయిదు పిన్నులకి మధ్యలో ఇంటర్‌ఫేస్, అంటే మిడిని కంప్యూటర్‌కి అందించే చిన్న పరికరం, కొనాలి.

శ్రమ: యూఎస్‌బీలో ఒకే తీగ రెండు వైపులా పనిచేస్తుంది. పాతదానిలో అవుట్‌ నుంచి ఇన్‌కి, ఒక్కో దిశకి ఒక్కో కేబుల్.

వేగం: పాతది సెకనుకు 31,250 బిట్లే. ఒక స్వరం సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను. ఒక్కరు వాయిస్తే తేడా తెలియదు. ఒకే తీగమీద చాలా వాద్యాలు ఒకేసారి మోగితేనే ఆలస్యం పోగవుతుంది.

రిస్క్: ఇక్కడే నా మనసు పాతదానివైపు. అందులో సందేశం ఆప్టోకప్లర్ అనే చిన్న భాగంలో వెలుగుగా మారి దాటుతుంది. రెండు పరికరాల మధ్య నేరుగా కరెంటు కలవదు కాబట్టి ఆ తీగ గుండా హమ్ (గుయ్‌మనే రొద) రాదు. యూఎస్‌బీలో రెండు పరికరాల గ్రౌండ్ (ఎర్త్) కలిసి గుయ్‌మనే అవకాశం ఉంది. పైగా దానికి కంప్యూటర్ లాంటి హోస్ట్ (సంభాషణను నడిపించే పరికరం) తప్పనిసరి. మామూలుగా రెండు కీబోర్డులు నేరుగా మాట్లాడుకోలేవు. 1983 నాటి పాత వాద్యం మాత్రం నేటి అయిదు పిన్నుల సింథ్‌తో (ఎలక్ట్రానిక్‌గా స్వరాలు పుట్టించే వాద్యంతో) హాయిగా కలుస్తుంది. ఎంత గొప్ప సంగతి!

ఇంట్లో ల్యాప్‌టాప్‌తో రికార్డింగ్‌కి యూఎస్‌బీ. కంప్యూటర్ లేని వేదికకి, పాత వాద్యాలకి, 15 మీటర్ల దూరం దాకా అయిదు పిన్నులే.