రాస్ప్‌బెర్రీ పైలో పాటలకు కోడీనా, ఎంపీడీనా?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను టీవీకి తగిలించి ఉంటే, పాటలూ వీడియోలూ ఆడించే కోడీ సాఫ్ట్‌వేర్ హాయి. ఆల్బమ్ బొమ్మలు పెద్దగా కనిపిస్తాయి, రిమోట్‌తో పాట ఎంచుకోవచ్చు, సినిమాలూ అందులోనే. పాటలే ప్రాణమైనవాళ్లకు మాత్రం నేను ఎంపీడీ (మ్యూజిక్ ప్లేయర్ డీమన్) అనే పాటల సాఫ్ట్‌వేర్‌నే చెబుతాను. దానికి తెర అక్కర్లేదు. వెనకాల నడుస్తూ ఉంటుంది. ఫోన్‌లోని యాప్‌లో పాట నొక్కితే స్పీకర్లలో మోగుతుంది. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పాత పై మీదా ఇబ్బంది పడదు. మొదట్లో కాన్ఫిగ్ ఫైల్లో (సెట్టింగులు రాసే ఫైల్) పాటల ఫోల్డర్, సౌండ్ అవుట్‌పుట్ రాసుకోవడమే కాస్త పని.

పాటలు సర్దుకోవడం రెండింట్లోనూ ట్యాగుల మీదే, అంటే పాట ఫైల్లోనే రాసి ఉండే గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాల మీదే ఆధారం. ఒక ఫైల్లో 'ఘంటసాల', ఇంకోదాంట్లో 'గంటసాల' అని ఉంటే ఇద్దరు గాయకులైపోతారు! అందుకే ముందు ట్యాగులు దిద్దే పికార్డ్ సాఫ్ట్‌వేర్‌లో పేర్లు సరిచేయండి. కోడీ వాడేవాళ్లు 'ఆల్బమ్ ఆర్టిస్ట్' గడి కూడా నింపాలి, లేకపోతే నలుగురు గాయకులున్న సినిమా ఆల్బమ్ ముక్కలైపోవచ్చు.