మృదంగం: తోలుదా, సింథటిక్‌దా?

1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో మృదంగం అనగానే పనస కర్ర, తోలు మూతలే గుర్తొస్తాయి. మేక, ఆవు, గేదె తోళ్లు వాడతారు కాబట్టి అది వద్దనుకునేవాళ్లకి ఇప్పుడు ఫైబర్ గుల్ల, సింథటిక్ మూతలతో చేసినవీ ఉన్నాయి.

తోలుదైతే వానాకాలంలో శ్రుతి జారుతుంది. అంచు చుట్టూ రాయితో కొడుతూ సరిచేయాలి. సింథటిక్‌దానికి స్పానర్‌తో బోల్టులు తిప్పితే చాలు. బరువు తక్కువ, శ్రీకాకుళం బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు.

నాదంలో మాత్రం తోలుదే పైచేయి. ఎడమ మూతకి తడి రవ్వ ముద్ద అద్ది వేళ్లతో సర్దుతుంటే, గుంకీ (ఎడమ మూత మీద పలికే గుమ్మనే నాదం) లోతు కొంచెం కొంచెంగా పెరగడం చెవికి తెలుస్తుంది. సింథటిక్‌లో ఆ లోతు నాకు వినపడలేదు. అయినా కొత్తగా నేర్చుకునే పిల్లలకి సింథటిక్‌దే కొనమంటాను. పాఠాలు, దరువులు దాని మీదా చక్కగా వస్తాయి, మూత పాడైతే బాగుచేసేవాళ్ల కోసం ఊళ్లు తిరగక్కర్లేదు.