తొలికాన్పుకు చెన్నైలో ఏది అక్కరకొస్తుంది, ఏది దండగ

తొలికాన్పు సన్నాహాల్లో నిజంగా పనికొచ్చేవాటికి చెన్నైలో పైసా ఖర్చు లేదు. డబ్బంతా పోయేది మిగతావాటికే.

ముందు పిక్మీ. తమిళనాడు ప్రభుత్వం గర్భిణుల వివరాలు నమోదు చేసుకునే వెబ్‌సైట్ ఇది. దీని ద్వారా 12 అంకెల ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్య నమోదు) నంబరు ఇస్తారు. ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయినా సరే, ఈ నంబరు లేకపోతే బిడ్డ జనన ధ్రువపత్రం దగ్గర పని ఆగిపోతుంది. ఎక్కువమంది పొరబడేది ఒక్కచోటే. వెబ్‌సైట్‌లో వివరాలు నింపగానే ముందస్తు నమోదు నంబరు ఒకటి వస్తుంది, అదే అసలుదనుకుని ఊరుకుంటారు. కాదు. మీ వార్డు ఆరోగ్య కేంద్రం నర్సు కాగితాలు సరిచూశాకే ఆర్‌సీహెచ్ నంబరు చేతికొస్తుంది. అటునుంచి ఫోన్ రాకపోతే ఆధార్, స్కాన్ రిపోర్టు పట్టుకుని మీరే వెళ్లండి. ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటే ఇంటి అద్దె ఒప్పందం కూడా వెంట ఉంచుకోండి. తెలుగులో లేకపోవడం ఈ సేవకు పెద్ద లోటు.

పురుడు పుట్టింట్లోనే కదా, ఇదంతా ఎందుకనుకోవద్దు. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊళ్లో. నెల్లూరులో కాన్పయితే పత్రం అక్కడే ఇస్తారు, నిజమే. కానీ బీపీ పెరిగిందనో, ఉమ్మనీరు తగ్గిందనో డాక్టరు చివర్లో ప్రయాణం వద్దంటే కాన్పు చెన్నైలోనే. వెళ్లేవాళ్లయితే బ్లడ్ గ్రూపు, 18–20 వారాల స్కాన్, 24–28 వారాల షుగర్ పరీక్ష రిపోర్టులు, ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజక్షన్ల తేదీలు అసలు కాగితాలతో సహా తీసుకెళ్లాలి. ఆఫీసు ఇన్సూరెన్సు ఆ ఊరి ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో సీమంతానికి ముందే కనుక్కోవాలి.

రెండోది, మా లెక్కన అన్నిటికంటే విలువైనది, ఐఐటీ బాంబేలో స్పోకెన్ ట్యుటోరియల్ అనే వీడియో పాఠాల ప్రాజెక్టు వాళ్ల ఆరోగ్యం, పోషణ వీడియోలు. తెలుగులోనూ ఉన్నాయి. పాలు పట్టే పద్ధతి ఇంత వివరంగా చూపించేవి అరుదు. ఎడమ రొమ్ము ఇస్తుంటే కుడిచేయి బిడ్డ మెడ వెనక ఉండాలి, ఎడమచేయి రొమ్ము కింద. బిడ్డ ఆవులించినంత పెద్దగా నోరు తెరిచాకే దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కిందివైపుది, నోట్లోకి వెళ్లాలి. మొన ఒక్కటే పట్టుకుంటే పగుళ్లు వస్తాయి, పాలు సరిగా దిగవు, బిడ్డ ఏడుపు ఆపదు. దాంతో 'పాలు చాలట్లేదు' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు, డబ్బాపాలు మొదలవుతాయి. బిడ్డ రొమ్ము పీల్చడం తగ్గేకొద్దీ పాలు నిజంగానే తగ్గుతాయి. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, ఒంటికి పోయడం, బరువు బట్టి చూడాలి. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం 6 సార్లు పోయాలి. పుట్టినప్పుడు ఉన్న బరువు మొదటి వారంలో కొంత తగ్గి, రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఆపైన రోజుకు 25–30 గ్రాములు పెరగాలి.

ఈ వీడియోలు ఎనిమిదో నెలలోనే చూడండి, కాన్పయ్యాక తీరిక దొరకదు. అమ్మమ్మ కాబోతున్నావిడని, నానమ్మ కాబోతున్నావిడని కూడా పక్కన కూర్చోబెట్టాలి. ముర్రుపాలు పిండి పారబోయమనే సలహా, తేనె నాకించమనే సలహా వచ్చేది అక్కడినుంచే. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం.

డబ్బులు కట్టే ప్రసవ శిక్షణ తరగతులకు 28–32 వారాల మధ్య చేరితే చాలు. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: బొమ్మతో పాలు పట్టడం చేయించి నేర్పుతారా, భర్తను రానిస్తారా? రెండిటికీ కాదంటే వదిలేయండి. ఊపిరి వ్యాయామాలు బాగానే ఉంటాయి గానీ, నొప్పులు ఎప్పుడు లెక్కపెట్టాలో, లెక్కపెట్టకుండా ఎప్పుడు పరుగెత్తాలో చెప్పని తరగతి దేనికి? ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక టి.నగర్ కొట్లలో అమ్మే 'న్యూబోర్న్ కిట్'. దండగ. పౌడరు అక్కర్లేదు, ఆ దుమ్ము పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పడుకోబెట్టేటప్పుడు తలగడ వద్దు. పాలసీసా ఉచితమంటే అసలే తీసుకోవద్దు, అలా ఎర చూపడం 1992 నాటి చట్టం ప్రకారం నేరం. తలకు పెట్టే కుళ్లాయి మొదటి గంటల్లో అవసరమే. చెన్నై ఉక్కలో ఇంటికొచ్చాక కూడా తీయకపోతే మాత్రం చెమటకాయలు లేస్తాయి. విడిగా కొంటే ముందు ముడులుండే కాటన్ జుబ్బాలు 6, లంగోటీలు 12, మెత్తటి తువ్వాళ్లు 2 చాలు. బిడ్డ పుట్టకముందు కొత్తబట్టలు కొనకూడదని పెద్దవాళ్లు పట్టుబడితే గొడవెందుకు, బంధువుల పిల్లల పాతవి తీసుకోండి. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డే పసివాళ్ల ఒంటికి మంచిది. అవైనా ఒకసారి ఉతికి, ఎండలో ఆరేసి, ఆర్‌సీహెచ్ నంబరున్న ఫైలుతో కలిపి 36వ వారానికల్లా సంచిలో సర్దేయండి.